పంటు మీద కొట్టిన కిక్

2021 వర్షాకాలం. మలికిపురం సెంటరుకి కాస్త ఇవతల నా మెకానిక్ షెడ్డు. పాత బుల్లెట్టు అంటే చాలు, రాజోలు నుంచి కూడా నా దగ్గరికే తెచ్చేవారు. టైమింగ్ పెట్టడంలో నా చేతికి తిరుగు లేదని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు దిగిన సంగతి ఇది.

టైమింగ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. పిస్టన్ పైకొచ్చి, చివరికి ఇంకా వెంట్రుకవాసి ఉందనగా స్పార్కు పడాలి. ఆ స్పార్కుని పుట్టించే పాయింట్లు రెండిటి మధ్య సిగరెట్టు పెట్టెలో పల్చటి కాగితం పెట్టి, అది వదులై జారిన చోట బిగించేస్తాం. స్పార్కు మరీ ముందే పడిందా, కిందికి తొక్కిన కిక్ రాడ్డు అంత జోరుగానూ వెనక్కి తంతుంది. దాన్ని కిక్ బ్యాక్ అంటాం. కాళ్ళు విరిగినవాళ్ళని చూసేను నేను.

సత్యనారాయణ గారిది సఖినేటిపల్లి రేవు దగ్గర. రొయ్యల చెరువులు అవతలి ఒడ్డున. రోజూ బండితో సహా పంటు, అంటే రేవు దాటించే బల్లకట్టు, ఎక్కి గోదారి దాటేవారు. పూర్వం ఏదో యాక్సిడెంటులో కుడికాలు విరిగితే రాడ్డు వేసేరు. అదే చోట మళ్ళీ విరిగితే నడక మీద ఆశ వదులుకోమని డాక్టరు చెప్పేసేడట. కిక్ కొట్టేది ఆ కాలితోనే.

పాయింట్లు అరిగిపోయాయని తెస్తే కొత్తవి వేసి, టైమింగ్ పెట్టి పంపించేను. నాలుగో రోజు బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని, భార్య వరలక్ష్మి గారితో వచ్చేరు. పంచె పైకి తీసి చూపిస్తే పిక్క నల్లగా కమిలిపోయి ఉంది.

"పంటు మీద తన్నిందండి. ఒడ్డొచ్చిందని కిక్ కొట్టేను, అంతే" అన్నారు.

నా చెయ్యి తప్పిందేమోనని భయమేసింది. మూత విప్పి, కాగితం పెట్టి చూసేను. సరిగ్గానే ఉంది. నిలబెట్టి పదిసార్లు కిక్ కొట్టేను. ప్రతిసారీ ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది. దాంతో భయం పోయి నోరు లేచింది.

"టైమింగ్ రైటేనండి. మీరే భయపడి సగం కిక్ కొట్టుంటారు, అందుకే తన్నింది. ధైర్యంగా తొక్కండి, ఏం కాదు."

వరలక్ష్మి గారు ఊరుకోలేదు. "ముప్పయ్యేళ్ళ నుంచీ కొడుతున్నారండి ఈయన. అంత ధైర్యం ఉంటే మీరే వచ్చి పంటు మీద కొట్టి చూపించండి. ఆ కాలు ఇంకో దెబ్బకి ఆగదండి."

కాదనడానికి మొహం చెల్లలేదు. మర్నాడు పొద్దున్నే నేను బండి తోలుతూ, ఆయన వెనక కూర్చుని రేవుకి వెళ్ళేం. జోరుగానే తోలేను. పంటు ఎక్కగానే పంటువాళ్ళు ఇంజను ఆపించేసేరు. అవతలి ఒడ్డు దగ్గర పడుతుంటే ఆయన "ఇక కొట్టండి" అని రెండడుగులు వెనక్కి జరిగేరు. ఆ జరగడం చూసేసరికి నాకు గుండె జారిపోయింది. పక్కనే వరదనీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి. చెప్పుకుంటే సిగ్గు గానీ, కళ్ళు మూసుకుని తొక్కేను.

రాడ్డు నా పాదాన్ని ఎత్తి విసిరేసింది. రెయిలింగు దొరకబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గోదాట్లో ఉండేవాణ్ణి. అరికాలు తిమ్మిరెక్కిపోయింది. నాకు ముందు గుర్తొచ్చింది మాత్రం రాడ్డు వేసిన ఆ కాలు.

బండిని ఒడ్డుకి తోసుకెళ్ళి అక్కడే మూత విప్పేను. పాయింట్ల వెనక అడ్వాన్స్ యూనిట్ అని ఉంటుంది. ఇంజను స్పీడు పెరిగితే అందులో రెండు చిన్న గుండ్లు విచ్చుకుని స్పార్కుని ముందుకి జరుపుతాయి, ఇంజను ఆగగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేయాలి. అవి ఇంకా విచ్చుకునే ఉన్నాయి. వేలు పెడితే బంకలాంటి గ్రీజు అంటుకొచ్చింది. అది నేను పూసిందే.

ఉప్పుగాలి ఊళ్ళలో మాకో అలవాటు. ఇనుపముక్క కనిపిస్తే చాలు, తుప్పు పట్టకుండా గ్రీజు దట్టించేస్తాం. చుక్క నూనె వెయ్యాల్సిన చోట నేను గుప్పెడు పూసేను. రెండు మూడు రోజుల ఇంజను వేడికి అది బంకయిపోయింది. రోడ్డు మీద స్పీడుకి విచ్చుకున్న గుండ్లు ఆ బంకలో ఇరుక్కుంటున్నాయి. రాత్రంతా బండి ఆగితే మెల్లగా దిగుతున్నాయి. షెడ్డులో స్పీడు లేదు కాబట్టి ఏమీ దొరకలేదు.

"తప్పు నాదేనండి. మీ కాలు తీసేసేవాణ్ణి" అన్నాను.

"ఆయ్" అని తలూపి, ఆయన బండి పక్కనే గొంతుక్కూర్చున్నారు.

పెట్రోలుతో కడిగి, చుక్క నూనె వేసి, టైమింగ్ మళ్ళీ పెట్టేను. గట్టు మీద జోరుగా రెండు చుట్లు తిప్పి, ఆపి, వేడి మీదే కిక్ కొట్టేను. ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే కొట్టేను. అందుకుంది. అలా మూడుసార్లు చూసేను. అయినా ఆయన ముందుకొస్తే "ఇవాళ్టికి వద్దండి" అని అడ్డం నిలబడ్డాను.

ఆయన అడ్డం నిలబడ్డ నాకేసి చూసేరు. "మొన్న భయం లేకుండా ఇచ్చేరండి బండి. ఇవాళ భయపడుతూ ఇస్తున్నారు. ఇవాళ నమ్ముతాను" అని, ఆ కుడికాలు కిక్ మీద వేసేరు.

బండి ఒక్క దెబ్బకే అందుకుంది. నేను మాత్రం అక్కడే గట్టు మీద కూలబడిపోయేను.

ఇప్పుడు టైమింగ్ పెట్టిన ఏ బండినైనా రోడ్డు మీద తిప్పుకొచ్చి, వేడి మీద నా కాలితో కొట్టాకే ఇస్తాను. మీరే భయపడి ఉంటారన్న మాట మాత్రం మళ్ళీ ఎవరితోనూ అనలేదు.