బోనిఫాత్సి రెండో దెబ్బ

బోనిఫాత్సి మొండివాడని ఊరంతా ఎరుగును. "ఈయన్ని కదిలించడం కంటే ఇటుకల పొయ్యిని కదిలించడం తేలిక" అనేది అతని భార్య మార్త్సెలా. కీల్త్సె పట్నం దగ్గరి పైన్ అడవికి నలభై ఏళ్ళు కావలి కాశాడు. యుద్ధంలో ఊరు జర్మన్ల చేతికి చిక్కి, వాళ్ళ అటవీ రక్షక దళం దిగాక తన అడవిలో తనే కూలివాడయ్యాడు. రక్షకులట, రక్షకులు! దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

1943 అక్టోబరులో దళపతి హార్ట్‌విగ్ పాత తోపంతా నరికించాలన్నాడు. ఆ తోపులోనే, నేలలో తవ్వుకున్న గుంటలో, బోనిఫాత్సి మేనల్లుళ్ళిద్దరూ తుపాకులతో దాక్కుని ఉన్నారు. చెట్లు పడితే వాళ్ళూ పడ్డట్టే.

నరకబోయే ప్రతి చెట్టుకీ మొదలు దగ్గర బెరడు చెక్కి, సుత్తితో ముద్ర కొట్టడం అతని పని. కొట్టాడు, కాకపోతే చెట్టుకి రెండు దెబ్బలు. మొదటిది ముద్రకి. రెండోది, నాచు కింద పెట్టిన గంటులోకి ఇనుప తునక దిగడానికి. కిందటి యుద్ధంలో పేలిన జర్మన్ గుండ్ల తునకలు ఏటా అతని బంగాళాదుంప చేలో నాగలికి తగిలేవి. గోతం నిండా పోగయ్యాయి.

చలి కాచుకుంటున్న సిపాయికి అనుమానం వచ్చింది. "ఏయ్ ముసలోడా, రెండేసి దెబ్బలెందుకు?"

"ముసలి చెయ్యి దొరా, మొదటిది సరిగ్గా పడి చావట్లేదు. పోనీ తమరొచ్చి కొట్టరాదూ?"

సిపాయి మంట వదిలి లేవలేదు.

డిసెంబరులో కోత మొదలైంది. మొదటి చెట్టుకే రంపం కీచుమని పళ్ళు రాల్చుకుంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. హార్ట్‌విగ్ తుప్పు తునకని బోనిఫాత్సి ముక్కుకి ఆనించాడు.

"ఎవడు పెట్టాడ్రా ఇది?"

"మీవాళ్ళే దొరా. కిందటిసారి వచ్చినప్పుడు వదిలేసి పోయారు. మేం అడిగామా? మీ సొత్తు, మీరే పట్టుకుపోండి."

తుపాకి మడమ దవడ మీద పడింది. మంచులో ఎర్రగా ఉమ్మాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే మాట చెప్పాడు. ఇనుమున్న దుంగలు మాకొద్దని కోతమిల్లు వాళ్ళు కబురు పెట్టడంతో, హార్ట్‌విగ్ తిట్టుకుంటూ దళాన్ని ఏటి అవతలి అడవికి మళ్ళించాడు.

వేడినీళ్ళతో అతని మూతి తుడుస్తూ మార్త్సెలా ఏడ్చింది, తిట్టింది. "చచ్చేవాడివి కదయ్యా! నీ మొండితనం మండిపోను! తోపులో పిల్లలు క్షేమమేనా?"

"క్షేమమే."

ఆమె గుడ్డ పిండి గోడకి ఆరేసింది.

"ఆ ఇనప ముక్కలు ఇంకా ఉన్నాయా?"

"అయిపోయాయే."

"అయితే ఈసారి చేను కాస్త లోతుగా దున్ను."