గులాబీ బొమ్మ మీద ఫిర్యాదు

బేగంపేటలో నేను చేసే ఉద్యోగం ఏమిటో చెబితే చాలామంది నమ్మేవారు కాదు. నమ్మినవాళ్లు వెంటనే ఏదో ఒక పని అప్పజెప్పేవారు. సామాజిక మాధ్యమాల్లో జనం పెట్టే ఫోటోల మీద, రాతల మీద వచ్చే ఫిర్యాదులు చూసి, వాటిని ఉంచాలో తీసేయాలో తేల్చడం నా పని. ఏ సైటుకు చేసేవాళ్లమో బయట చెప్పనని చేరిన రోజే సంతకం పెట్టాను, కాబట్టి ఇప్పుడూ చెప్పను. ఈ సంగతి తెలిశాక విజయనగరం నుంచి మా అమ్మ ఫోన్ చేసి, పిన్ని పెట్టే ఫోటోలు "ఒకటో రెండో తీసీవే, ఏటైపోద్ది" అని అడిగింది. ఎందుకు తీయాలమ్మా అంటే, ఆ ఫోటోల్లో పిన్ని కట్టుకున్న పట్టుచీర తనదేనట. చీర ఎరువు తీసుకోవడం మా నిబంధనల్లో నేరం కాదని చెబితే నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అవి ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ అనే రోజులు. మెడలో ట్యాగు వేలాడుతుంటే చాలు, లోపల ఏం చేస్తామో ఎవరికీ పట్టేది కాదు. మేం ప్రోగ్రాములు రాసేవాళ్లం కాదు, మీటలు నొక్కేవాళ్లం. ఉంచు, తీసెయ్, పైవాళ్లకి పంపు. ఈ మూడే. తెలుగు ఫిర్యాదులన్నీ వచ్చే వరుసలో మేం పదకొండు మందిమి. అందులో తొమ్మిది మంది కోస్తా జిల్లాలవాళ్లం. హైదరాబాదులో కూర్చుని తెలుగు చూస్తున్నాం కదా, ఇంకేం కావాలి అని ఆ ఏర్పాటు చేసినవాళ్లు అనుకుని ఉంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఫిర్యాదు ఎలా పనిచేస్తుందో అప్పట్లో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. ఒక పోస్టు నచ్చకపోతే దాని మూల ఉన్న చిన్న గుర్తు నొక్కుతారు. బెదిరింపు, వేధింపు, అశ్లీలం, నకిలీ ఖాతా అంటూ ఒక జాబితా వస్తుంది. ఒకటి ఎంచుకుని పంపిస్తే వాళ్ల పని అయిపోయినట్టే. అది మా తెర మీదికి వచ్చేసరికి రాసిన మాట ఉంటుంది, రాసినవాళ్ల ఖాతా ఉంటుంది, ఎంచుకున్న కారణం ఉంటుంది. ఫిర్యాదు చేసింది ఎవరో ఉండదు. మా నుంచి దాచారని కూడా కాదు, ఆ పేరు పెట్టడానికి మా తెర మీద అసలు చోటే లేదు. వందమంది కట్టగట్టుకుని ఫిర్యాదు చేస్తే పోస్టు పోతుందని జనం నమ్మేవారు. మాకు మాత్రం ఒకరు చేసినా వందమంది చేసినా చూడాల్సింది అదే మాట. తీసేస్తే రాసినవాళ్లకి "మీ రాత మా నియమాలకు విరుద్ధం" అని ఒక ముక్క వెళ్తుంది. ఎవరు చెప్పారని వాళ్లు గోల పెట్టినా జవాబిచ్చే దిక్కు ఉండదు.

నాకు ఈ చాటు ఫిర్యాదులంటే మొదటి నుంచీ చిరాకు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేనివాళ్లకి ఇంత మర్యాద ఎందుకని శిక్షణలోనే అడిగాను. పేరు బయటపడితే కొట్టే మొగుళ్లుంటారు, వెంటపడేవాళ్లుంటారు, అలాంటి ఇళ్లలో ఉన్నవాళ్ల కోసం ఇది అని ఓపిగ్గా చెప్పారు. విన్నాను గానీ ఒంటబట్టలేదు. మాకు వచ్చేవాటిలో సగం పాత కక్షలు, పెళ్లిలో పిలుపుల గొడవలు, సినిమా హీరోల అభిమానుల తిట్లు. అవి చూసీ చూసీ ఫిర్యాదు చేసే ప్రతివాడూ నాకు గోడ చాటున నక్కి రాయి విసిరేవాడిలాగే కనిపించేవాడు.

ఉండేది పద్మారావు నగర్‌లో, ఒక ఇంటి మేడ మీద గది. కింద ఓనర్లు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, నీళ్ల మోటారు కూడా టైంటేబుల్ ప్రకారం వేసేవారు. గది చూడ్డానికి వెళ్లిన రోజు, మీకు పిల్లలెంతమంది అని మాటవరసకి అడిగితే "మాకెవరు లేరు" అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే ఆంటీ మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. నీళ్లు తేవడానికి చాలాసేపు పట్టింది. నేనేమీ అనుకోలేదు. ఆవిడ నన్ను "ఏమ్మా" అని పిలిచేది. పొద్దున్నే ఆరింటి డ్యూటీకి వెళ్తుంటే గేటు గొళ్లెం చప్పుడు కాకుండా తీసి పెట్టేది, ఆయన లేస్తారని.

ఒకరోజు టీ తాగి వచ్చి కూర్చునేసరికి ఒక ఫిర్యాదు వచ్చి ఉంది. కారణం బెదిరింపు. రాసినవాళ్ల ఖాతాకి మనిషి ఫోటో లేదు, ఎర్ర గులాబీ బొమ్మ ఉంది. పేరు కూడా "రోజ్" అనే. స్నేహితులెవరూ లేరు. ఒకే ఒక అమ్మాయి ఫోటోల కింద, ఇంగ్లీషు అక్షరాల్లో, రెండే మాటలు. గుడి దగ్గర మొగుడితో దిగిన ఫోటో కింద "పైలం బిడ్డా." కొత్త ఫ్రిజ్ ఫోటో కింద "పైలం బిడ్డా." స్కూటీ మీద కూర్చున్న ఫోటో కింద కూడా అదే. లెక్కపెడితే పదకొండుసార్లు. ఇంకో మాట లేదు.

బిడ్డా అనే మాట ఈ ఊళ్లో ఎలా వాడతారో నాకు తెలియదని అనను. బస్సులో, కూరగాయల బండి దగ్గర వింటూనే ఉన్నాను. కానీ ఈ ఊరు రాకముందు ఇరవై ఏళ్లు నేను ఆ మాట విన్నది సినిమాల్లో, అదీ మీసం మెలేస్తూ "సంపుత బిడ్డా" అనే విలన్ నోట. తెర మీద గొంతు వినపడదు కదా, చదువుతుంటే ఆ విలన్ గొంతే చెవిలో పడింది. ఇక పైలం అంటే ఏమిటో తెలియదు. పక్క కుర్చీలో గుంటూరు అబ్బాయిని అడిగాను. "చూసుకో అని వార్నింగ్ అండీ. పదకొండుసార్లంటే వాడెవడో పిచ్చివాడే" అన్నాడు. తెలంగాణవాళ్లు మా వరుసలో ఇద్దరు. ఒకరు ఆరోజు సెలవు. రెండో అతను హాలు చివర చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. ఇరవై అడుగులు వేసి అడగాల్సింది. ఒక్కో ఫిర్యాదుకి నిమిషం దాటితే టీమ్ లీడర్ వచ్చి వెనక నిలబడతాడు. లేవలేదు.

తీసెయ్ నొక్కాను. రాతల మీదే కాదు, ఖాతా మీద కూడా అదే మీట నొక్కి మూసేశాను. ఎవడో ఆగంతకుడి పీడ ఆ అమ్మాయికి వదిలించానని సంతోషంగా భోజనానికి వెళ్లి, పెరుగన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఓనరు గారు నిద్రపోయే వేళ, ఆంటీ మెట్లెక్కి వచ్చింది. ఎప్పుడూ పైకి రాని మనిషి. కొంగు చాటు నుంచి ఫోన్ తీసింది.

"ఏమ్మా, నువ్వు కంప్యూటర్ల పని చేస్తవ్ గదా. ఇది జెర సూడు. మూడు దినాల సంది తెరుసుకుంటలేదు. ఏందో ఇంగ్లీషుల వస్తున్నది."

తెర మీద గులాబీ బొమ్మ. కింద మేం పంపే ముక్క.

నిజం చెప్పాలంటే ముందు భయపడింది నా ఉద్యోగం గురించే. ఏమీ తెలియనట్టు, ఇది ఎవరిది ఆంటీ అని అడిగాను. మెట్లవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. వాళ్లకి ఒక కూతురుంది. రెండేళ్ల కింద తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. నేరేడ్‌మెట్‌లో ఉంటుంది, బస్సెక్కితే ఎంతో దూరం లేదు. ఆ పిల్లతో మాట్లాడినవాళ్లు ఈ ఇంట్లో ఉండొద్దని ఆయన తేల్చేశారు. ఆ పిల్ల నంబరు మార్చేసింది. ఈవిడ రీచార్జి దుకాణంలో బతిమాలి ఖాతా తెరిపించుకుంది.

"నా పేరు పెడితే ఈయనకు తెలుస్తదని పువ్వు పెట్టించిన. నాకు ఇంగ్లీషు అక్షరాలు కొట్టరాదు. గా రెండు మాటలు దుకాణపాయనతోని కాయితం మీద రాయించుకున్న. ఫోటో కనవడితే సాలు, కాయితం సూసి కొడత."

"పైలం అంటే ఏమిటి ఆంటీ?"

నావైపు వింతగా చూసింది. "పైలం అంటే పైలమే. జాగ్రత్తగుండు, మంచిగుండు అని. బిడ్డలు ఇంట్లకెళ్లి బయటికి పోతుంటే అనమా? మీ దిక్కు అనరా?"

మా దిక్కు అనం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పకూడదని సంతకం పెట్టిన మనిషిని, ఆ క్షణంలో సంతకం గుర్తున్నా లక్ష్యపెట్టలేదు. "అది తీసేసింది నేనే ఆంటీ. బెదిరింపు అనుకున్నాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఊహించని ప్రశ్న వేసింది. "నువ్వే సూసి తీసినవా, ఎవరన్న చెప్తే తీసినవా?"

"ఎవరో ఫిర్యాదు పెట్టారు."

"ఎవరు?"

"తెలియదు. మాకు కనిపించదు ఆంటీ. ఆ ఫోటోలు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా పెట్టి ఉండొచ్చు. మీ అమ్మాయి వాళ్లాయన కావచ్చు, స్నేహితులు కావచ్చు. దారినపోయేవాళ్లు కూడా కావచ్చు."

"దారిన పోయేటోళ్లకు ఏం పని?" అంది. తర్వాత చిన్నగా, "బడికి పోతుంటే అదే అన్న, కాలేజీకి పోతుంటే అదే అన్న. నా పేరు లేకున్నా మాటను బట్టి నా బిడ్డ గుర్తు పడ్తదనే రాసిన. అదే పెట్టిందంటవా?" అంది.

ఆ పేరు నాకే కాదు, మా ఆఫీసులో నాకు తెలిసిన ఎవరికీ కనిపించదు. పేరు కనిపించని ఏర్పాటును అంత అసహ్యించుకున్నదాన్ని, ఆరోజు మాత్రం ఆ పేరు కోసం నా జీతం ఇచ్చేయమన్నా ఇచ్చేసేదాన్ని. ఆ అమ్మాయి పేరు కాకుండా ఇంకెవరిదైనా పేరు చూపించి ఆవిడ ముఖం తేటపడేలా చేయాలని ఉండింది.

పునఃపరిశీలన అడిగే వీలుంది, అది ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది. అక్కడే కూర్చుని ఆవిడ తరఫున రాశాను. ఇవి ఒక తల్లి మాటలు, పైలం అంటే జాగ్రత్త అని. మర్నాడు ఆఫీసులో ఆ ఇరవై అడుగులూ నడిచి, హాలు చివర అతన్ని మాట ఒక్కటే అడిగాను, సంగతి చెప్పలేదు. పగలబడి నవ్వాడు. "పైలం అంటే బెదిరింపా? గట్లయితే మా అమ్మ నన్ను దినాం పదిసార్లు బెదిరిస్తది." అందరం చూసే మాటల పట్టికలో ఆ పదం, దాని అర్థం చేర్పించాను. పట్టికలో అంతకుముందు బూతులు చాలా ఉన్నాయి గానీ, ప్రేమగా అనే మాట ఒక్కటీ లేదు. అంతకుముందు ఇలాంటివి ఇంకెన్ని తీసేశానో లెక్క తెలియదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

వారం లోపే ఖాతా తెరుచుకుంది. ఆంటీ మళ్లీ మధ్యాహ్నమే పైకి వచ్చింది. వెతికి ఆ అమ్మాయి పేజీ తెరిచి చూపించాను. పదకొండు రాతలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. కొత్తగా ఒక ఫోటో కూడా ఉంది, బాల్కనీలో తులసి కుండీ పక్కన నిలబడి. కూతురు కాస్త ఒళ్లు చేసిందని ఆంటీ సంతోషపడింది. దాని కింద మాత్రం ఏమీ రాయలేదు. బొటనవేలు తెర మీదికి తెచ్చి, మళ్లీ తీసేసుకుంది.

నాకు ఉండబట్టలేదు. "ఆంటీ, నా ఖాతా నుంచి నేను ఆమెకి రాస్తాను. ఆ గులాబీ మీ అమ్మేనని చెప్తాను. ఫిర్యాదు నువ్వు పెట్టావా అని కూడా అడుగుతాను. రేపటికల్లా తెలిసిపోతుంది" అన్నాను. ఇన్నాళ్లకి ఒక ఫిర్యాదు వెనక మనిషి దొరుకుతాడని నాకు ఆత్రంగా కూడా ఉంది, అది దాచను.

ఆవిడ ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుంది. "వద్దు."

"ఎందుకు ఆంటీ?"

"ఎవరు పెట్టిన్రో మీకు సుత కనవడదన్నవ్ గదా?"

"కనపడదు."

"ఎన్నటికీ?"

"ఎన్నటికీ కనపడదు."

కింద ఓనరు గారు దగ్గడం వినపడింది. ఆవిడ ఫోన్ కొంగులో చుట్టుకుని లేచింది. గడప దాటబోతూ ఆగి, నా వైపు తిరక్కుండానే అంది: "అట్లనే ఉండనియ్యి. అదే పెట్టిందని తెలిస్తే నేనింక రాయలేను గదమ్మా."