మూడు చక్రాల బండి మీద మా అమ్మాయి

మనవరాలు పుట్టినప్పుడు మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నాను. ఎనభైల నాటి మాట. ఆ దేశంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది మా అల్లుడి గరాజులో ఉన్న బండి. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పగలంతా కార్లతో గడిపి, ఇంటికొచ్చాక పాత మోటారు సైకిలుతో కుస్తీ పట్టేవాడు. దాని పక్కన ఇంకో చక్రం, మధ్యలో ఒక రేకు బల్ల. సైడ్‌కార్ అంటే కూర్చోవడానికి తొట్టి ఉంటుందనుకున్నాను. తొట్టి లేదు, సీటు లేదు. పట్టుకోవడానికి ఇనప కడ్డీలు మాత్రం ఉన్నాయి.

"దీని మీద ఎవరు కూర్చుంటారు బాబూ?" అన్నాను.

"కూర్చోరు అత్తయ్యగారూ, వేలాడతారు," అని మా అమ్మాయి వైపు చూసి నవ్వాడు.

నేను చదివింది మూడో తరగతి. పసిపిల్ల తల్లి నేలకి జానెడు ఎత్తున వేలాడకూడదని తెలియడానికి ఆపాటి చదువు చాలు. ఆ మాటే గట్టిగా అన్నాను.

"నేను వంగకపోతే మలుపులో బండి తిరగబడుతుందమ్మా. ఆయన డ్రైవ్ చేస్తాడంతే, బ్యాలెన్స్ చేసేది నేను," అంది.

"నువ్వు వంగాల్సింది ఉయ్యాల దగ్గర."

"అక్కడ నువ్వున్నావుగా!"

వాళ్ళు వెళ్ళబోయేది పాతకాలపు రేసు బళ్ళకే పెట్టిన పోటీ. ఒహైయోలో, కొండల మధ్య మెలికలు తిరిగిన రోడ్డు మీద. దారిలో ఎక్కడా కొననివ్వకుండా పులిహోర, పెరుగు డబ్బాల్లో సర్దుకుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాము. కారు దిగగానే ముక్కుకి ఆముదం వాసన తగిలింది. ఆ ఇంజన్లలో ఆముదం కలిసిన ఆయిలే పోస్తారట. పిల్ల పొట్టకి నేను చుక్క చుక్క లెక్కన రాసేది, వాళ్ళు పొగ చేసి గాలికి వదులుతున్నారు. తిట్టుకోవడానికి అదొకటి దొరికింది గనక కాసేపు భయం కనిపించకుండా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దమనిషి డేరా డేరాకీ వచ్చి అందరి హెల్మెట్ల పట్టీలూ లాగి లాగి చూసి వెళ్ళాడు. ఇక బయలుదేరతారనగా నేను పెరుగులో చక్కెర కలిపి తీసుకెళ్ళాను. పరీక్షకి పంపినా, అత్తవారింటికి పంపినా ఆ చెంచాడు నోట్లో పెట్టకుండా నేను మా అమ్మాయిని గడప దాటనివ్వలేదు.

"అమ్మా, ఇప్పుడా? టైమ్ లేదు!" అంటూనే పట్టీ విప్పి, హెల్మెట్ సగం పైకెత్తి నోరు తెరిచింది. చెంచా నోట్లో పెట్టానో లేదో, అల్లుడు "కమాన్, పిలుస్తున్నారు!" అని అరిచాడు. హెల్మెట్ కిందికి లాక్కుని, బండి నెట్టుకుపోతున్న ఆయన వెనక పరుగెత్తింది.

దాని గడ్డం పక్కన పట్టీ ఊగుతూ కనిపించింది.

నోరు తెరిచాను. వెంటనే మూసుకున్నాను. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మామూలుగా బజారుకి వెళ్తున్నా పిలవం. ఇది ప్రాణం పణంగా పెట్టి వెళ్తున్న చోటు. పిలిస్తే ఏమవుతుందోనని ఒక భయం, పిలవకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. పిల్లని చంకనేసుకుని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, కంచె వెంట పరుగు తీశాను. వెనక నుంచి కాకపోతే ముందు నుంచి పిలవచ్చు కదా! జెండా పట్టుకున్న ఒకాయన "మేడమ్! మేడమ్!" అంటూ అడ్డొచ్చాడు. ఆయన చేతి కింద నుంచి దూరి, వరసలో నిలబడ్డ బళ్ళ ముందుకి వెళ్ళాను.

"ఏమే! గడ్డం కింద చూసుకో!"

"అమ్మా! ఏంటిది, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. ముందు పట్టీ!"

చెయ్యి పెట్టుకుని చూసుకుంది. దాని మొహం పాలిపోయింది. లావు గ్లవ్స్‌తో వేళ్ళు ఆడలేదు. పిల్లని అల్లుడి చేతికిచ్చి నేనే బిగించాను. "రెండు రింగుల్లోంచీ దూర్చి, వెనక్కి లాగు," అని అది చెబుతుంటే అలాగే లాగాను.

"అడ్డుపడ్డావుగా, ఇప్పుడు దిగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళమంటావా?" అంది చిన్నగా.

అనాలనే ఉంది. పిల్లని వెనక్కి తీసుకోగానే జెండా మనిషి నా భుజం పట్టుకుని ఇవతలికి తెచ్చేశాడు.

బళ్ళన్నీ ఒక్కసారి అరిచాయి. చంకలో పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. మా బండి మలుపులోకి రాగానే మా అమ్మాయి నడుము దాకా బయటికి వాలింది. దాని తుంటి రోడ్డుకి రాసుకుంటున్నట్టే ఉంది. కళ్ళు మూసుకున్నాను. ఆ తరవాత ఎన్నో స్థానంలో ఉన్నారని చూడలేదు. బండి వచ్చిన ప్రతిసారీ దాని మీద రెండు తలలున్నాయా లేవా అన్నదే చూశాను.

ఒక చుట్టులో బండి రాలేదు.

వెనకనున్నవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకవాళ్ళూ వచ్చారు. ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో తెలియలేదు. పక్కనున్న తెల్లావిడ ఏదో చెప్పి నా చెయ్యి నిమిరింది. ఓదారుస్తోందేమో అనిపించి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పిల్ల ఏడుపు మానింది గానీ నేను మలుపు వైపు నుంచి కళ్ళు తిప్పలేదు.

చివరికి ఒక ట్రక్కు మెల్లగా వచ్చింది. మా బండి దాని మీద ఉంది, పక్కన అల్లుడు. వెనక అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని మా అమ్మాయి. మొహమంతా మసి, తుంటి దగ్గర తోలు డ్రెస్సు అరిగి తెల్లబడింది. నవ్వుతోంది.

"చెయిన్ తెగిందమ్మా, అంతే! ఏం కాలేదు."

తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అవన్నీ పక్కనపెట్టి దాని మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి వదులమ్మా, నొప్పి," అంది డేరా దగ్గరికి నడుస్తూ. ఆ వెంటనే అల్లుడితో, "రేపటి రేసుకి చెయిన్ దొరుకుతుందంటావా?" అంది.

నేను వదల్లేదు.