బొటనవేలు దిగిన రోజు

"సార్, మా పాప బొటనవేలు గూడ గిట్లనే పైకి లేస్తది! దీనికి గూడ గదే రోగమా?"

అడిగింది లీలమ్మ, అచ్చంపేట బడిలో సైన్సు టీచరు. చంకలో ఏడు నెలల కూతురు. ఎదురుగా పట్నం దవాఖాన మంచం మీద గుర్వమ్మ. డాక్టరు అప్పుడే తాళంచెవి మొనతో గుర్వమ్మ అరికాలి మీద గీశాడు. కిందికి ముడుచుకోవలసిన బొటనవేలు నిటారుగా లేచింది. నిన్న స్నానం చేయిస్తూ పాప అరికాలు రుద్దినప్పుడు సరిగ్గా అట్లాగే లేచిందని గుర్తుకొచ్చి లీలమ్మ పాప కాలును గుప్పిట పట్టుకుంది.

డాక్టరు నవ్వాడు. "నడక రాని పిల్లలకు లేస్తదమ్మా, నడక వచ్చినంక దిగుతది. పెద్దోళ్లకు లేస్తేనే ఫికర్."

"అంటే నేను మళ్ల పసిపిల్లనైన," అంది గుర్వమ్మ. "ఇంగ నన్ను ఎత్తుకునేటోళ్లను సూడుండ్రి. పాపకంటె జర బరువే ఉంట."

గుర్వమ్మ మంత్రసాని. ముప్పై ఏళ్లుగా అమ్రాబాద్ అడవి పల్లెల దాకా కాలినడకనే వెళ్లి పురుళ్లు పోసింది. లీలమ్మ పాప మొదట పడ్డదీ ఆమె చేతుల్లోనే. రెండేళ్ల కింద ఆమె రొమ్ములో గడ్డ తీశారు. ఈ 1967 వేసవిలో వీపు నొప్పి మొదలైతే ఆముదం రాసుకుని ఊరుకుంది. నెల తిరిగేసరికి కాళ్లు పట్టు తప్పాయి. భర్త లేడు, పిల్లలు లేరు. బడికి సెలవులు కావడంతో లీలమ్మే బస్సెక్కించి పట్నం తెచ్చింది.

అప్పటి రోగమే వెన్నుపూసలోకి దిగి, అక్కడ గడ్డకట్టి వెన్నుపామును నొక్కుతోందని డాక్టరు చెప్పాడు. కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, అది కరుగుతుంది కానీ రోజులు పడుతుంది. ఆలోగా వాపు ముదిరితే కాళ్లు ఇక రావు. అందుకని కరెంటుతో పాటు స్టెరాయిడ్ మాత్రలు.

"వాపును మాత్ర పడతది, గడ్డను కరెంటు కరిగిస్తది. రోగం మొత్తం పోతదని చెప్పను. కాళ్లు నిలబెట్టుదాం. దినానికి నాలుగు, ఏమన్న తిన్నంకనే. నడుమల ఆపొద్దు."

గుర్వమ్మకు చదువు రాదు. లీలమ్మ ఒక అట్ట ముక్క మీద నాలుగు కంచాలు గీసి, ఒక్కో కంచం పక్కన ఒక్కో మాత్ర బొమ్మ వేసింది. తన తెలివికి తానే మురిసిపోయి, రాత్రికి పాపతో పట్నంలోని బంధువుల ఇంటికి వెళ్లేటప్పుడు ఆ అట్టను మంచానికి కట్టింది.

మూడో రోజు పొద్దున వార్డు గుమ్మం దగ్గరికే కేక వినబడింది. "బిడ్డా, ఉరికిరా! కాలు కదిలింది!"

నిజమే! దుప్పటి కింద మడమ జానెడు జరిగింది. లీలమ్మ పాపను ఎగరేసి పట్టుకుంది. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. "ఆకలి గూడ ఎద్దు ఆకలైతాంది," అని గుర్వమ్మ నవ్వింది.

రెండు రోజులు గడిచాయి. ఆ కాలు మళ్లీ మొద్దుబారింది. డాక్టరు ముఖం మారింది. లీలమ్మ మాత్రల పొట్లం విప్పి చూసింది. ఆరు మాత్రలు ఎక్కువున్నాయి.

"అవ్వా, ఇవెందుకు మిగిలినయి?"

"కాలు కదిలింది గద బిడ్డా. గుట్ట నరసింహస్వామికి మొక్కుకున్న, నిలబడ్డదాక ఒక్కపొద్దు ఉంట అని."

"మరి మాత్రలు?"

గుర్వమ్మ అట్ట వైపు చెయ్యి చూపింది. "కంచానికో మాత్ర అని నువ్వే గీస్తివి. నేను ముట్టింది ఒక్క కంచమే."

లీలమ్మ అట్ట విప్పి చూసింది. తిన్నాకే అని గీసింది తనే. తినకపోతే ఏం చేయాలో గీయనేలేదు.

"పాలు తాగితే ఒక్కపొద్దు చెడుతదా అవ్వా?" అని మెల్లగా అడిగాడు డాక్టరు.

"పాలెందుకు చెడగొడతయి? పాలు, పండ్లు చెల్లుతయి. గా ముక్క ముందే అడిగితే చెప్పకపోదునా?"

అప్పటికప్పుడు గ్లాసెడు పాలు, మాత్ర. ఆ రోజు నుంచి నాలుగు పూటలా పాలు, కరెంటు. పన్నెండో రోజు డాక్టరు మళ్లీ తాళంచెవి తీశాడు. మడమ నుంచి గీత పైకి పోయింది. బొటనవేలు వణికి కిందికి ముడుచుకుంది!

"దిగింది!" లీలమ్మ అరుపుకు పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. మర్నాడు గుర్వమ్మ మంచం పట్టె పట్టుకుని నాలుగడుగులు వేసింది. "పాపా, నీకంటె ముందు నేనే నడిచిన," అని వెక్కిరించి, జొన్నరొట్టె కావాలంది. మొక్కు తీరింది కదా.

ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించాలని డాక్టరు చెప్పాడు. లీలమ్మ ఇంకో అట్ట తీసింది. గుర్వమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అట్ట తర్వాత గియ్యి. బాలింతకు పథ్యం చెప్పి నేను ఊకె లేచి రాను. 'ఏం జేస్తవో నువ్వు జెప్పు బిడ్డా' అని దాని నోటితోని అనిపిస్త. నువ్వు నాకు చెప్పినవు గని నాతోని చెప్పించలె."

ఆ తర్వాత ఏడాది పైనే నడిచింది గుర్వమ్మ. అమ్రాబాద్ దారిలో ఇంకో ముగ్గురు పిల్లలను పట్టింది.

ఇప్పుడు బడికి వెళ్లే ముందు లీలమ్మ, పాపను చూసుకునే జంగమ్మకు దగ్గు మందు సీసా ఇచ్చి గుమ్మంలోనే నిలబడుతుంది.

"ఏం జేస్తవో జెప్పు జంగమ్మా."

"నాకు గూడ బడేనా టీచరమ్మా?" అని జంగమ్మ మూతి ముడుస్తుంది. "పగటీలి అన్నం యాళ్లకు ఒక చెంచ. పాప తినకున్న పొయ్యాలె. కక్కితె మళ్ల పొయ్యకుంట నిన్ను పిలవాలె. ఇంగ పో, గంట కొడతాండ్రు."

అంతా విన్నాకే లీలమ్మ చెప్పులు తొడుక్కుంటుంది.