కుక్కకి పట్టిన గొడుగు

చిన్నరాయప్ప బండి తోలిన రోజుల్లో ఆ బండి కింద ఒక కుక్క నడిచేది. ఇందులో వింతేమీ లేదు. నూజివీడు చుట్టుపక్కల మామిడికాయల బండి ఏది చూసినా రెండు చక్రాల మధ్య నీడలో ఒక కుక్క నడుస్తూనే ఉంటుంది. అక్కడ ఎండ తగలదు, ఎవరూ రాయి విసరరు, దారి పొడుగునా ఎద్దుల తోడు. చిన్నరాయప్ప కుక్క నడుం మీద ఇరుసులోని కందెన కారి కారి ఒక నల్ల మచ్చ కట్టింది. అందుకని దాని పేరే కందెన అయింది. ఎవరూ బాప్తిస్మం ఇచ్చి పెట్టిన పేరు కాదు, దానంతటదే అతుక్కుపోయింది.

పందొమ్మిదివందల యాభైతొమ్మిదిలో చిన్నరాయప్పకి నీటికాసులొచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఎద్దుల్ని అమ్మేశారు. బండిని కొనేవాడు దొరక్క వాకిట్లోనే ఉండిపోయింది. దాని కింద కందెన పడుకునేది, పక్కన నులకమంచం మీద చిన్నరాయప్ప పడుకునేవాడు.

భార్య మగ్దలేనమ్మ గట్టి మనిషి. మొగుడంటే ప్రాణం. ఆ ప్రాణం ఎక్కడా తట్టుకుని పడకూడదని మంచం కోడు నుంచి బావి దాకా, బావి నుంచి దొడ్డి దాకా పలుపుతాడు లాగి కట్టేసింది.

"ఈ తాడు పట్టుకుని వెళ్ళు, ఈ తాడు పట్టుకుని రా. ఇంతకు మించి నీకు లోకంతో పనేముందయ్యా?" అంది.

జీవితమంతా ఎద్దుల్ని పలుపుతో కట్టేసిన మనిషి చివరికి ఆ పలుపే పట్టుకుని తిరగాల్సి వచ్చింది. చిన్నరాయప్పకి ఏడుపొచ్చేది. అతను కోరింది ఏమంత పెద్దదీ కాదు. మైలవరం సంతరోజున టీకొట్టు దగ్గర పాత బండివాళ్ళంతా చేరతారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అక్కడికి నడిచివెళ్ళి, బల్ల మీద కూర్చుని, ఒక గ్లాసుడు టీ తాగి, వాళ్ళలో సాంబయ్య చేత నాలుగు తిట్లు తిని, మళ్ళీ తన కాళ్ళతో తను ఇంటికి రావాలి. అంతే.

"టీ నేను పెట్టివ్వనా?" అంది మగ్దలేనమ్మ.

"నీ టీలో తిట్లుండవే."

"కావాలంటే అవి కూడా వేస్తాను" అంది. వేసింది కూడా. కానీ భార్య తిట్లకి ఆ రుచి రాదు.

ఊళ్ళో బడి నడిపే జోజిబాబు మాస్టారు ఒకరోజు చర్చి పత్రికలో బొమ్మ చూసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. దొరల దేశాల్లో కళ్ళు లేనివాళ్ళని కుక్కలే నడిపిస్తాయట. రోడ్లు దాటిస్తాయట, బస్సులెక్కిస్తాయట, ఆఫీసుల్లో బల్ల కింద పడుకుని సాయంత్రం మళ్ళీ ఇంటికి తీసుకొస్తాయట.

"మన కందెనకి మైలవరం దారి మీకంటే బాగా తెలుసు కదా బాబాయ్" అన్నాడు మాస్టారు.

చిన్నరాయప్ప మంచం మీంచి లేచి కూర్చున్నాడు. నిజమే కదా. అన్నేళ్ళు ఆ దారిన అడుగడుగూ నడిచిన జీవి. వెంటనే దాని మెడకి తాడు కట్టి "హై హై" అన్నాడు. కందెన వాకిలి దాటి ఎండలోకి రాగానే చతికిలబడింది. లాగితే బోర్లా పడుకుంది. బెల్లం ముక్క చూపిస్తే పడుకునే తిన్నది. మూడు రోజులు ఇదే భాగోతం. ఊరంతా పని మానుకుని వచ్చి చూసింది.

అసలు సంగతి కనిపెట్టింది మగ్దలేనమ్మే. బియ్యం చెరిగిన చేట ఎండకి అడ్డం పెట్టుకుని అటుగా వెళ్తుంటే, ఆ చేట నీడలోకి కుక్క లేచి వచ్చి నిలబడింది. ఆమె నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. పాపం దాని లెక్కలో దారంటే పైన బండి ఉండేది. బండి లేని దారి దారే కాదు.

ఇంక మొదలైంది చూడండి. చేట పట్టి చూశారు, గోనెపట్టా పట్టి చూశారు. చివరికి మాస్టారు తన పాత గొడుగు తెచ్చిచ్చాడు. కందెన గొడుగు కిందికి వచ్చింది గానీ అనుమానంగా మూతి తిప్పుకుంది. చిన్నరాయప్ప ఆలోచించి గొడుగు కర్రకి బండి కందెన దట్టంగా రాశాడు. ఆ వాసన తగలగానే కుక్క తోకాడించింది. అయినా అడుగు పడలేదు. ఇంకా ఏదో వెలితి. అటక మీంచి ఎద్దు గంట దించి, మెళ్ళో వేసుకుని, తల ఒకసారి ఆడించాడు. కందెన బయల్దేరింది.

నవ్వితే నవ్వండి. ఊరూ అలాగే నవ్వింది. నెత్తిన తువ్వాలుతో, మెళ్ళో గంటతో, ఒళ్ళంతా చెమటలు కారుతూ, ఒక చేత తాడు, ఇంకో చేత గొడుగు పట్టుకుని, ఆ గొడుగు కుక్క మీదికి వంచి ఎండలో నడిచిపోయే మనిషిని చూస్తే ఎవరికి మాత్రం నవ్వు రాదు? వాన వచ్చినా అంతే. కుక్క పొడిగా ఉండేది, మనిషి తడిసి ముద్దయ్యేవాడు. కానీ ఆ సంతరోజున చిన్నరాయప్ప మైలవరం చేరాడు. టీకొట్టు బల్ల చేతికి తగిలినప్పుడు దాన్ని అటు చివర నుంచి ఇటు చివరి దాకా తడిమి చూసుకున్నాడు.

"ఎవరు తీసుకొచ్చార్రా నిన్ను?" అన్నాడు సాంబయ్య.

"కందెన" అన్నాడు చిన్నరాయప్ప. అంత గర్వంగా అతను తన పెళ్ళాం పేరు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పట్నుంచి సంత వస్తే చాలు, మనిషి ఇంట్లో ఆగేవాడు కాదు. ప్రతిసారీ సాంబయ్య అదే అడిగేవాడు, ఇతను అదే చెప్పేవాడు. ఒకసారి తిరిగి వస్తుంటే పొద్దువాలింది. ఎవరో కొత్త కానిస్టేబులు ఆపాడు.

"బండికి దీపం ఏది?"

"ఇది బండి కాదు బాబూ, మనిషిని."

"గంట మోగుతోంది, కందెన కంపు కొడుతోంది, కింద కుక్క నడుస్తోంది. బండి కాక ఏంటిది?"

నిజానికి చిన్నరాయప్పకి కోపం రాలేదు. కళ్ళు పోయాక తనని బండి అన్నవాడు అతనొక్కడే. మర్నాడే గొడుగు వంకీకి చిన్న లాంతరు తగిలించాడు. పొద్దువాలితే వెలిగించమని దారిలో ఎవర్నో ఒకర్ని అడిగేవాడు. "కళ్ళు లేని మనిషికి లాంతరు, కుక్కకి గొడుగు. నాకేమో ఊళ్ళో తలెత్తుకోలేని బతుకు" అని మగ్దలేనమ్మ సణిగేది. సణుగుతూనే లాంతరు బుడ్డి రోజూ తుడిచేది.

ఇలా మూడేళ్ళు గడిచాయి. అరవైమూడు వేసవిలో కందెన కాలికి తుమ్మముల్లు దిగింది. ఆ రోజు పశువులకి టీకాలు వేయడానికి పెద్దిరాజు అనే కాంపౌండరు ఊళ్ళోకొస్తే వాకిట్లోకి పిలిచారు. ముల్లు తీశాడు. తర్వాత కుక్క మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. అగ్గిపుల్ల గీసి చూశాడు.

"దీనికి కళ్ళు కనపడవండీ" అన్నాడు.

"ఇప్పుడేనా పోయింది?" అంది మగ్దలేనమ్మ.

"ఇప్పటి సంగతి కాదమ్మా. కళ్ళల్లో పువ్వులు ముదిరిపోయున్నాయి. నాలుగైదేళ్ళయ్యుంటుంది."

మాస్టారే ముందు తేరుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ లారీలని ఎవరు తప్పించారండీ?"

"గంట విని లారీవాళ్ళే తప్పుకునుంటారు" అన్నాడు కాంపౌండరు, సూది పెట్టె సర్దుకుంటూ.

చిన్నరాయప్ప నులకమంచం తడుముకుని కూర్చున్నాడు. తను కుక్క మెడ తాడు పట్టుకుని నడిచాడు. కుక్క తన గొడుగు నీడ పట్టుకుని నడిచింది. ఎవరూ ఎవర్నీ తీసుకెళ్ళలేదు. మూడేళ్ళపాటు ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకరి వెంట ఒకరు పడి, ఎలాగో ఏమో, ప్రతిసారీ మైలవరం చేరారు.

"చాలు. ఇంక ఎక్కడికీ వద్దు" అంది మగ్దలేనమ్మ. విప్పి అటకెక్కించిన పలుపుతాడు దింపి మళ్ళీ బావి దాకా కట్టింది. ఆమె కట్టకపోతే ఆ తాడు అతనే అడిగి కట్టించుకునేవాడేమో, అంత భయం పట్టుకుంది.

తర్వాతి సంతరోజు తెల్లారింది. అలవాటు మీద లేచి, తువ్వాలు చుట్టుకుని, గొడుగు తీసుకుని గడపలో నిలబడ్డాడు. కాలు కదల్లేదు. నిన్నటిదాకా రోడ్డున్న చోట ఇప్పుడు ఏముందో తెలియలేదు. గొయ్యి ఉండొచ్చు, లారీ ఉండొచ్చు, ఏమైనా ఉండొచ్చు. గొడుగు మూసెయ్యబోయాడు.

బండి కింద నుంచి కందెన కుంటుకుంటూ వచ్చింది. వాసన పట్టుకుని గొడుగు కిందికి దూరి, అతని పిక్కకి ఒళ్ళానించి నిలబడింది. ముల్లు తీసిన కాలు ఎత్తే పెట్టుకుంది. తోక మాత్రం అతని మోకాలికి తపతపా కొట్టుకుంటోంది. ఇవాళ సంత అని దానికి తెలుసు. కళ్ళు లేవని మాత్రం దానికెవరూ చెప్పలేదు.

చిన్నరాయప్ప ఒంగి దాని తల తడిమాడు. ఇన్నాళ్ళూ ఈ పిచ్చి ముండ తనని నమ్ముకుని చీకట్లో అడుగులేసింది. ఇప్పుడు తను మంచమెక్కి కూర్చుంటే దీన్ని సంతకి ఎవరు తీసుకెళ్తారు? దీనికి దారి ఎవరు చూపిస్తారు?

గొడుగు సరిగ్గా దాని మీదికి వంచాడు. తాడు అందుకుని "హై" అన్నాడు.

వెనక అడుగుల చప్పుడైంది. పలుపుతాడు చేతికిస్తుందనుకున్నాడు. మగ్దలేనమ్మ వచ్చి అతని మెళ్ళో గంట వేసింది.

"ఇది మర్చిపోయావు" అంది. "దాన్ని మెల్లగా నడిపించు. కాలు నొప్పి దానికి."

ఆ రోజు చాలాసేపు పట్టింది. రెండుసార్లు దారి తప్పి రోడ్డు పక్క మామిడి తోటలోకి పోయారు, ఒకసారి ఎవరో ఆపిన జట్కా గుర్రాన్ని గుద్దుకున్నారు. చిన్నరాయప్ప గుర్రానికి క్షమాపణ చెప్పుకుని ముందుకు నడిచాడు. టీకొట్టు చేరేసరికి నడినెత్తిన ఎండ. మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి.

"ఇంత ఆలస్యమేంట్రా? ఎవరు తీసుకొచ్చారు నిన్నివాళ?" అన్నాడు సాంబయ్య.

చిన్నరాయప్ప బల్ల తడుముకుని కూర్చున్నాడు. గొడుగు మాత్రం మూయలేదు. కుక్క మీదనే ఉంచి, సాంబయ్య గొంతు వినపడ్డ వైపు ఒంగాడు.

"నేనే తీసుకొచ్చాను. దానికి కళ్ళు కనపడవు" అన్నాడు. "కాస్త మెల్లగా మాట్లాడరా. ఆ సంగతి దానికింకా తెలియదు."