లాప్‌టాప్‌కు పాట నేర్పబోయి

ఆ రోజు మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఏడో ఎక్కం సగంలో ఉండగా గొంతు ఆగిపోయింది. నొప్పి లేదు, దగ్గు లేదు, జలుబు కూడా లేదు. నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. పిల్లలు నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుని మిగతా ఎక్కం వాళ్ళే గట్టిగా చెప్పేసి, శభాష్ అంటానేమోనని నా మొహం చూస్తూ కూర్చున్నారు.

నీళ్ళు తాగాక కొంచెం మాట వచ్చింది. అది నా మాటలా లేదు. నిమ్మనపల్లె దగ్గరి బడిలో టీచరును నేను. ఇల్లు మదనపల్లెలో. సాయంత్రాలు ఇంట్లో పాటలు తయారుచేస్తాను. పెళ్ళి, సీమంతం, గృహప్రవేశం, ఏదైనా సరే, ఆ ఇంటివాళ్ళ పేర్లు పాటలో చేర్చి, బాణీ కట్టి, నేనే పాడి, లాప్‌టాప్‌లో సంగీతం జోడించి పంపిస్తాను. మైకు మా బట్టల బీరువాలో పెట్టుకుంటాను. చీరల మధ్య పాడితే గది మోత రాదు. మా ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. ఆయన చొక్కా కావాలంటే నా చరణం అయ్యేదాకా ఆగాల్సిందే.

మదనపల్లెలో చూపిస్తే యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తగ్గలేదు. ఇక ఊళ్ళో ప్రతివాళ్ళూ వైద్యులే. కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు, అల్లం రసంలో తేనె కలుపుకోమన్నారు. మిరియాల కషాయం చెప్పనివాళ్ళు లేరు. తాగీ తాగీ ఛాతీలో మంట మొదలైంది గానీ గొంతు మాత్రం బొంగురుగానే ఉండిపోయింది. పుంగనూరులో ఉండే మా అక్క ఫోన్ చేసి, "ఈ పొడులన్నీ మానేసి కుప్పం పో మే. మా తోటికోడలికి ఆడనే నయమైంది" అంది. నేనూ మా ఆయనా సగం దూరం బస్సులో నిలబడే పోయాం.

కుప్పంలో ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి ల్యారింగోస్కోపీ చేశాడు. స్క్రీన్ మీద నా స్వరతంత్రులు కనబడ్డాయి. రెండింటి మీదా ఎదురెదురుగా సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి బుడిపెలు.

"వోకల్ నాడ్యూల్స్ అమ్మా. గొంతు చేత బండచాకిరీ చేయించినావు. కడుపులో పులుపు పైకి తన్నే రిఫ్లక్స్ గూడా ఉండాది, ఆ కషాయాలు ఆపేయ్. కంప్లీట్ వాయిస్ రెస్ట్ తీసుకో. మాట వద్దు, పాట వద్దు. మళ్ళీ స్కోప్ చేసినప్పుడు తగ్గకపోతే సర్జరీ గురించి మాట్లాడదాం."

మా ఆయన అడిగాడు. "సర్జరీ చేస్తే గొంతు మామూలుగా వస్తాదా సార్?"

"గొంతు వస్తాది. పాత గొంతే వస్తాదని మాత్రం నేను రాసియ్యలేను."

ఆ మాట విన్నాక బస్సులో నాకు కిటికీ బయట ఏమీ కనబడలేదు. బడికి సెలవు పెడతాను, పప్పులో ఉప్పు చాలలేదని చేత్తో చూపిస్తాను, అదంతా ఎలాగోలా జరుగుతుంది. పాడలేకపోతే ఎలా? భయం కంటే ముందు కోపం వచ్చింది. ఊరంతా గొంతు చించుకుని అరుస్తుంది, ఈ బుడిపెలకు నేనే దొరికానా?

అప్పటికే అక్క కూతురు లావణ్యకు పెళ్ళి కుదిరింది. "చిన్నమ్మా, నీ పాట పెట్టుకునే నాకు నలుగు పెట్టాల" అని అది ఎప్పుడో మాట తీసుకుంది. నలుగు పాట మా వైపు ఒకరు పాడితే సరిపోదు. ముందు ఒకరు లైను అంటారు, పిండి రాసే ఆడవాళ్ళందరూ దాన్ని అందుకుంటారు. నేను పాడకూడదు సరే, లాప్‌టాప్ పాడొచ్చు కదా అనుకున్నాను.

వర్చువల్ గాయని సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చుకున్నాను. స్వరం పెట్టి దాని కింద అక్షరం రాస్తే అదే పాడుతుంది. చెప్పుకోవడానికి ఎంత సులువో. తీరా చూస్తే అందులో తెలుగు లేదు. హిందీ గొంతు తీసుకుని ముక్క ముక్క అతికిస్తే, పెళ్ళికూతురు కాస్తా 'పెల్లికూతురు' అయింది. ఆ 'ళ' పలికించడానికి ఒక పూట, దీర్ఘం సరిచేయడానికి ఇంకో పూట పట్టింది. గొంతులో లోహపు మోత తగ్గించడానికి ఆ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే ప్లగిన్ ఒకటి, గరుకు పెంచడానికి ఒకటి, గదిలో పాడినట్టు వినబడడానికి ఇంకొకటి. ఉచిత ట్రయల్ అని కనబడిందల్లా ఎక్కించాను. నా మాత్రల డబ్బా కంటే ఆ ప్లగిన్ల ఫోల్డరే పెద్దదయింది. ఏది దేనికి వేశానో నాకే తెలియదు.

ఒక పొద్దున లాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్ అయింది. పాట తెరిస్తే సగం ప్లగిన్లు దొరకలేదని చెప్పింది. గాయని నోరే తెరవలేదు. లైసెన్స్ మళ్ళీ యాక్టివేట్ చేయమంటుంది, చేస్తే ఇదివరకే చేశావంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేద్దామంటే నాకు మాట లేదు. మా ఆయన చేత చేయించాను. ఆయన పాపం నేను చీటీ మీద రాసిచ్చిన ఇంగ్లీషు ముక్కలు చదివి, అవతలివాళ్ళు అడిగిన ప్రతిదానికీ "ఒక్క నిమిషం సార్, మా ఇంటామె రాస్తా ఉండాది" అన్నాడు. మూడోసారికి వాళ్ళే ఫోన్ పెట్టేశారు. బల్ల మీద పిడికిలితో గుద్దాను. అరవడం కుదరదు కదా, ఇంకేం చేయను. చివరికి అన్నీ తీసేసి, మొదటినుంచి ఒక్కొక్కటే ఎక్కించుకున్నాను.

పాట ఒక రూపానికి వచ్చాక అక్కకు పంపించాను. ఆమె తన తోటికోడళ్ళతో కూర్చుని పాడి చూసి ఫోన్ చేసింది.

"పాట బాగుండాది మే. ఆ పిల్లెవరో గానీ ఊపిరే తీసుకోదు. మేం యాడ అందుకోవాల? మేం నోరు తెరిసేలోపల అది ఇంకో లైనుకు పోతాండాది."

మధ్యలో ఖాళీలు పెట్టి పంపాను. "ఇప్పుడు ఆగిపోయినట్టుండాది. ఎవురో నోరు మూసినట్టు" అంది. ఆమె మాటలో తప్పు లేదు. మనిషి పాడేటప్పుడు లైను చివర స్వరం కొంచెం వాలుతుంది, ఊపిరి లోపలికి పోయే చప్పుడు వినబడుతుంది, పక్కవాళ్ళు దాన్నే పట్టుకుని అందుకుంటారు. ఇవన్నీ రాసి సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం నా వల్ల కాలేదు.

అప్పుడు గొంతు మార్చే ప్లగిన్ ఒకటి కనిపించింది. మనం మైకులో పాడితే, మన సాగదీత, మన ఊపిరి అలాగే ఉంచి గొంతు మాత్రం వేరేది పెడుతుంది. దానికి మనం ఇచ్చేదాన్ని గైడ్ ట్రాక్ అంటారు. నేను పాడకూడదు కదా. అందుకే పాటను గుసగుసగా అన్నాను. స్వరం కీబోర్డు మీద వాయించి, మాట, ఊపిరి నా గుసగుస నుంచి తీసుకున్నాను. గుసగుస అంటే గాలే కదా, గొంతు పనిచేయదు కదా అని నా తెలివి. మా ఆయన ఆఫీసుకు పోగానే బీరువాలో తల పెట్టేదాన్ని. సరిగ్గా రాలేదంటే మళ్ళీ, మళ్ళీ. మైకు దాన్ని అందుకోవాలని గట్టిగా గుసగుసలాడాను. సాయంత్రానికి గొంతు పట్టేసినట్టు ఉంటే, జబ్బు కదా, ఉండక ఏం చేస్తుంది అనుకున్నాను.

రెండో స్కోప్ రోజు డాక్టరు స్క్రీన్ వంక చాలాసేపు చూశాడు. "తగ్గలా. వాపు ఇంకా పెరిగుండాది. నిజం చెప్పమ్మా, మాట్లాడినావా?"

లేదని తల ఊపాను. మా ఆయన నా తరఫున నిలబడ్డాడు. "ఒక్క మాట లేదు సార్. పెళ్ళైనప్పటినించీ మా ఇల్లు ఇంత సల్లగా ఎప్పుడూ లేదు."

డాక్టరు నవ్వలేదు. "మరి రోజంతా ఏం చేస్తాండావు?"

ఫోన్లో టైప్ చేసి చూపించాను: పాట తయారుచేస్తున్నాను, సాఫ్ట్‌వేర్ పాడుతుంది, నేను పాడడం లేదు.

"దానికి ఎవరు నేర్పిస్తాండారు?"

ఫోన్లో ఉన్న గైడ్ ట్రాక్ వినిపించాను. ఆ చిన్న గదిలో నా గుసగుస బుసలు కొట్టింది. ఆయన సగంలోనే చేయెత్తి ఆపమన్నాడు.

"యాలమ్మా ఇట్ల చేసుకుంటివి? ఇట్లా గుసగుస మాటకంటే చెడ్డది. వోకల్ కార్డ్స్ బిగుసుకుని, ఎండిపోయి రాసుకుంటాయి. మాటకు సెలవిచ్చి దీంతో డ్యూటీ చేయించినావు. నువ్వు పాడతావని నాకు మొదట్నే యాల చెప్పలా?"

ఏం పని చేస్తావని అడిగినప్పుడు టీచర్ అని చెప్పాను కదా అని రాశాను. ఆయన ఫోన్ నాకు తిరిగి ఇచ్చి, స్పీచ్ థెరపీకి రాశాడు. "ఇంకొక్క అవకాశం. గుసగుస లేదు, గొణుగుడు లేదు, కూనిరాగం గూడా లేదు. ఈసారీ తగ్గకపోతే సర్జరీనే."

తిరుగు బస్సులో ఏడ్చాను. ఇన్ని రోజులు నోరు కట్టుకుని, కొత్త కోడలిలా తలూపి, అందరి చేతా అయ్యో అనిపించుకుని, చివరికి నా గొంతును నేనే పాడుచేసుకున్నాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు. తిట్టడానికి గొంతూ లేదు.

పాట సగంలో ఆపేశాను. లావణ్య నలుగుకు లాప్‌టాప్ తీసుకుపోలేదు. అక్క పాత పాటేదో ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు, నేను పిండి గిన్నె పట్టుకుని మూగదానిలా నిలబడ్డాను. "చిన్నమ్మా, పాట ఏమాయె?" అని లావణ్య పసుపు మొహంతో అడిగితే గొంతు చూపించాను. దాని మొహం వాడిపోయింది. ఆ మొహం నేనింకా మరిచిపోలేదు.

తర్వాత ఉన్నది థెరపీ ఒక్కటే. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా 'ఊ' అంటూ ఊదాలి. మొదట బుడగలు మాత్రమే వచ్చేవి. ఎన్నాళ్ళకో సన్నటి శబ్దం వచ్చింది. మా ఆయన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "అది నువ్వేనా?" అన్నాడు. నేనేనని తల ఊపాను.

మూడో స్కోప్‌లో నాడ్యూల్స్ బాగా తగ్గాయి. సర్జరీ తప్పింది. "లక్కీ అమ్మా. ఇంగ దీన్ని సూసుకుని వాడుకో" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు బడిలో నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని పాఠం చెబుతున్నాను. హెడ్‌మాస్టరు దాన్ని ఐస్ బండి అంటాడు, అననీ. పాడుతున్నాను కూడా, శ్రుతి బాగా తగ్గించి. పై పంచమం ఇప్పటికీ రాదు. అక్కడికి పోగానే గాలే మిగులుతుంది. ఒళ్ళు మండిపోతుంది. అది రాదని థెరపిస్ట్ ఎప్పుడూ చెప్పలేదు, వస్తుందని కూడా చెప్పడం లేదు. ట్రయల్ ప్లగిన్లన్నీ తీసేశాను. వర్చువల్ గాయని మాత్రం ఉంది, వెనక వంత పాడటానికి. దానికి నేనిక ఏమీ నేర్పను.

ఇది చదివేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. డాక్టరు మీ పనేమిటని అడిగితే జీతం వచ్చే పని ఒక్కటే చెప్పి ఊరుకోకండి. గొంతయినా, వేళ్ళయినా, నడుమయినా, ఇంట్లో సరదాకని దానితో ఏం చేస్తారో అదీ చెప్పండి, చేసి చూపించండి. మొన్న పన్ను నొప్పికి పోయినప్పుడు డాక్టరు నోరు తెరవమనకముందే చెప్పాను, నేను పాటలు పాడతానని.

"దానికీ దీనికీ ఏం సంబంధం ఉండాదమ్మా?" అన్నాడు పంటి డాక్టరు.

"లేకపోతే మంచిదే సార్. అయినా రాసుకోండి" అన్నాను.