ఎంటర్ కొట్టమని చెప్పిన మనిషి

సైదులు సార్ ఇక లేరన్న కబురు బుధవారం ఉదయం సూర్యాపేట బస్టాండులో, మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డప్పుడు అందింది. గుండెపోటు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయిందట. నాకు దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది భయం. రాయడానికి సిగ్గుగానే ఉంది గాని, ఆయన గురించి రాస్తూ అబద్ధంతో మొదలుపెట్టలేను. ‘ఇక ఎవరిని అడగాలి?’ అన్నదే నా మొదటి ఆలోచన.

ఆయన సూర్యాపేటలో మేము చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. పాలకీడులో గొర్రెలు పెంచే ఇంట పుట్టారు. మా ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నీ ఉచితంగా దొరికే లినక్స్ మీద నడిచేవి. నల్లని తెర మీద ఆదేశం టైపు చేసి ఎంటర్ కొడితేనే పని జరిగేది. చెరిపెయ్యమంటే ఆ యంత్రం మారు ప్రశ్న వెయ్యదు. చెరిపినదాన్ని తిరిగి ఇవ్వదు. చదువు ముగించి కోదాడ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లలో ఉద్యోగాలకు చేరిన మేమంతా ఎక్కడ చిక్కుకున్నా ఆయనకే ఫోన్ చేసేవాళ్లం.

ఏ పనికైనా ఆయనవి మూడు ప్రశ్నలు, ఎప్పుడూ అదే వరుసలో. ఒకటి, ఏ పేరు మీద మిషన్ లోపలికి పోయినవ్? రెండు, ఏ ఫోల్డర్ల ఉన్నవ్? మూడు, అండ్ల ఏమేమున్నయ్? జవాబు మా నోటి నుంచి వస్తే ఒప్పుకునేవారు కారు. “నువ్వు చెప్పకు. మిషన్‌ను అడుగు. అది చెప్పింది నాకు సదువు” అనేవారు. ఏదైనా చెరపాలంటే ముందు జాబితా తెప్పించి పేరుపేరునా చదివించేవారు. చదువుతున్నంతసేపూ చెయ్యి కీబోర్డు మీద ఉండకూడదు. చివరకు “ఇగ కొట్టు” అనేవారు.

ఒకసారి నాకు విసుగొచ్చింది. “నాకు తెలుసు గద సార్, రోజూ చేసే పనే” అన్నాను.

“నీకు తెల్వదంటలేను రా. నాకు భయమైతున్నది. నా కోసం సదువు.”

మాలో ఒకడు ఆయన్ని ఆటపట్టించాడు. “సార్, మీ ఇంటికాడ గొర్లను గూడ గిట్లనే పేర్లు పిలిచి లెక్కవెడ్తరా?”

“గొర్రె తప్పిపోతే అరుస్తది రా. ఫైలు అరుస్తదా?”

ఆ భయం ఎక్కడిదో నాకు ఒక్కసారే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెర మీద రెండు విండోలు పక్కపక్కన తెరిచి పెట్టుకున్నారట. ఒకదాంట్లో పాత కాపీలు, రెండోదాంట్లో ఆ ఏటి పిల్లల ప్రాజెక్టులు. పాతవి అనుకొని కొత్తవి చెరిపేశారు. ఎవరి మీదా నెట్టలేదు. ఒక్కొక్క విద్యార్థి దగ్గరికి వెళ్లి తానే చెప్పారు. వారాల తరబడి వాళ్ల పక్కన కూర్చుని మళ్లీ టైపు చేశారు. “ఏ విండోల ఉన్ననో సూడలే. ఒక్కసారి సూస్తే అయిపోతుండె” అన్నారు.

గురువారం పాలకీడులో, అంత్యక్రియలకు ముందు, ఆయన ఫోన్ మోగింది. సార్ భార్య లింగమ్మ గారు దాన్ని నా చేతిలో పెట్టారు. “పొద్దుగాల్నుంచి మోగుతనే ఉన్నది. జర నువ్వు మాట్లాడు బిడ్డా.”

కోదాడలో ఒక కాలేజీ ల్యాబ్ చూసే శిరీష గారట. ఆమెకు కబురు తెలియదు. “సార్, డిస్కు నిండిపోయిందండీ! ఇంకో గంటలో ప్రాజెక్టు పరీక్ష. ఎగ్జామినర్ వచ్చి కూర్చున్నారు, పిల్లల ప్రోగ్రాములేమో నడవట్లేదు. పోయినేడాదివి తీసేస్తున్నాను. టైపు చేసేశా, ఎంటర్ కొట్టేదా?”

“ఆగండి!” అని అరిచాను. వాకిట్లోని వాళ్లంతా నా వైపు తిరిగారు. “చెయ్యి తియ్యండి.”

“మీరెవరండీ? సార్ ఏరీ?”

“సార్ దగ్గర సదువుకున్నోణ్ణి. ఆయన ఇప్పుడు మాట్లాడలేరు. టైపు చేసింది తుడిచెయ్యండి. ఏ ఫోల్డర్ల ఉన్నరో మిషన్‌ను అడిగి, అది చెప్పింది చదవండి.”

ఆమె చదివారు. అది పోయినేడాదిది కాదు, ఈ ఏటి పిల్లల ఫోల్డరు.

“అమ్మో... కొట్టేసేదాన్నండీ.”

అరుగు మీద కూర్చున్నాను. సరైన ఫోల్డరుకు మారమన్నాను. మళ్లీ అడగమన్నాను. అందులో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటే చదివించాను. అన్నీ పాతవే. అయినా మరోసారి చదివించాను.

“సార్‌ని ఒక్క మాట అడిగి చెప్పండి,” అన్నారు ఆమె. “కొట్టనా?”

ఎదురుగా ఆయన పడుకొని ఉన్నారు. నుదుట పసుపు, మెడలో బంతిపూల దండ. అడగడానికి ఎవరూ లేరు.

“కొట్టండి” అన్నాను.

అవతల ల్యాబ్‌లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తరువాత, “అయిందండీ. చోటొచ్చింది. ప్రోగ్రాములు నడుస్తున్నాయి” అన్నారు.

సార్ ఇక లేరని అప్పుడు చెప్పాను. ఆమె, “సార్ పక్కనుండి చెప్పిస్తున్నారన్న ధైర్యంతో కొట్టానండీ” అన్నారు, ఏడుస్తూ.

లింగమ్మ గారు ఆ ఫోన్ నన్నే ఉంచుకోమన్నారు. ఈ పది రోజుల్లో నాలుగు కాల్స్ వచ్చాయి. మోగిన ప్రతిసారీ నాకు భయమేస్తుంది. మేము మా భయాన్ని ఆయనకు అప్పజెప్పి ధైర్యంగా ఎంటర్ కొట్టేవాళ్లం. మాకు “కొట్టు” అని చెప్పే ముందు, ఇన్నేళ్లూ, తాను ఫోన్ చేసి అడగడానికి ఆయనకు ఎవరూ లేరు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ‘మీకు భయంగా ఉందా సార్?’ అని ఒక్కరమూ అడగలేదు. ఆయన పాదాలకు నమస్కరిస్తూ, ఆలస్యంగానైనా ఇప్పుడు అడుగుతున్నాను.